సంక్షోభంలో చేతిలో బంగారం: అమ్మే రోజు ఏమవుతుంది?

పొదుపరి

అందరికీ నమస్కారం. ఆర్థిక సంక్షోభం వస్తే బ్యాంకులు మూతపడతాయి, షేర్లు కుప్పకూలతాయి, నోట్ల విలువ కరిగిపోతుంది, బంగారం దాచుకున్నవాడే బతికి బట్టకడతాడు అన్న మాట ఎక్కడ చూసినా వినిపిస్తోంది. కొనమని చెప్పేవాళ్లకు కొదవ లేదు. అమ్మే రోజు సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. కడ్డీలు, బిస్కెట్లు, నాణేలు, నగలు చేతిలో ఉన్నవాళ్లకు సంక్షోభ సమయంలోనే ఎదురయ్యే ఇబ్బందులేమిటో ఇక్కడ చర్చిద్దాం. బంగారు ఫండ్లు, డిజిటల్ బంగారం ఈ చర్చలోకి వద్దు. ధర ఎంతవరకు వెళ్తుందన్న జోస్యాలు అసలే వద్దు.

లెక్కల_మాస్టారు

ముందు ఏ రకం సంక్షోభమో తేల్చుకోవాలండీ. రెంటినీ ఒకే గాటన కడితే లెక్క తప్పుతుంది.

మొదటిది డబ్బు కరువు. అప్పులిచ్చినవాళ్లు ఒక్కసారిగా వెనక్కి అడుగుతారు, అందరికీ నగదు కావాలి. అలాంటప్పుడు జనం అమ్మాలనుకున్నది అమ్మరు, అమ్ముడుపోయేది అమ్ముతారు. బంగారం ఎప్పుడూ అమ్ముడుపోతుంది, అందుకే దాని మీద పడతారు. 2008 మార్చిలో ఔన్సు (బంగారం తూకంలో 31.1 గ్రాములు) 1,000 డాలర్లు దాటింది. సెప్టెంబరులో అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది. అక్టోబరు చివరికి ధర 712 డాలర్ల దరిదాపుల్లో ఉంది. అంటే సంక్షోభం ముదిరిన సమయానికి శిఖరం నుంచి 30 శాతం దాకా పడిపోయింది. 2020 మార్చిలోనూ అదే వరస: 1,680 దగ్గరున్నది పది రోజుల్లో 1,470 ప్రాంతానికి జారింది. రెండుసార్లూ తర్వాత కోలుకుని పైకి పోయింది, నిజమే. కానీ ధర పడి ఉన్న ఆ వారాల్లోనే ఉద్యోగం పోయి, అప్పు కట్టాల్సి వచ్చి అమ్మినవాడికి ఆ కోలుకోవడం దక్కలేదు.

రెండోది సొంత కరెన్సీ పతనం. ఇందులో బంగారం స్థానిక ధర ఆకాశానికి పోతుంది. ఇక్కడి చిక్కు వేరు. అధికారిక మారకం రేటు ఒకటి, బయటి రేటు ఒకటి ఉన్నప్పుడు కొనేవాడు అధికారిక రేటుతో లెక్కగట్టి మీకిస్తాడు, తను బయటి రేటుకు అమ్ముకుంటాడు. ఆ తేడా మొత్తం మీ జేబులోంచే పోతుంది. బేరానికి దిగేముందు "ఏ డాలరు రేటు మీద లెక్క వేస్తున్నారు?" అని అడగండి.

మూడో సంగతి, ఇది సంక్షోభమప్పుడు కాదు, అది దాటాక తగిలేది. 1980 జనవరిలో భయంతో ఔన్సు 850 డాలర్లకు ఎగబాకింది. 1999లో 253 దరిదాపులకు పడింది. మళ్లీ 850 దాటింది 2008 జనవరిలో. 28 ఏళ్లు, అదీ ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకోకుండా. భయం నడినెత్తిన ఉన్నప్పుడు కొన్నందుకు కట్టిన మూల్యం అది.

అగ్గిబరాటా

ఇవన్నీ డాలరు లెక్కలు. కాగితం సున్నా అయినచోట్ల బంగారం ఉన్నవాడే నిలబడ్డాడు కదా? 30 శాతం పడితే పడనీ, నోటు 99 శాతం పడింది.

లెక్కల_మాస్టారు

@అగ్గిబరాటా, కాదనట్లేదు. బంగారం విలువ నిలబెట్టుకుంటుందా అన్నది ఒక ప్రశ్న. ఆ విలువ మీ చేతికి డబ్బుగా ఎంత వస్తుంది, ఎన్ని రోజులకు వస్తుంది అన్నది ఇంకో ప్రశ్న. ఈ చర్చ రెండోదాని గురించి.

కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా ముందు చూడండి. స్పాట్ ధర (ఆ క్షణాన ప్రపంచ మార్కెట్‌లో లోహానికి నడిచే ధర) 100 అనుకోండి. ఒక ఔన్సు నాణెం 105కి కొన్నారు, డీలర్ 97కి తీసుకున్నాడు. స్పాట్ ధర కదలకపోయినా మీకు 7.6 శాతం నష్టం. పెట్టింది పెట్టినట్టు రావాలంటే స్పాట్ ధర 8.2 శాతం పెరగాలి. అదే 1 గ్రాము బిస్కెట్ 115కి కొని 95కి అమ్మితే 17 శాతం పైన పోయింది, అసలు తిరిగి రావాలంటే 21 శాతం పెరగాలి. ఇవి మామూలు రోజుల అంకెలు. సంక్షోభంలో ఈ తేడా ఇంకా వెడల్పవుతుంది, ఎందుకో తెలిసినవాళ్లు చెప్తారు.

కరుగుపాత్ర

ఎందుకు వెడల్పవుతుందో నేను చెప్తాను. డీలర్ మీ దగ్గర కొన్నది తన దగ్గరే ఉంచుకోడు. పాత బంగారాన్ని శుద్ధి కర్మాగారానికి పంపుతాడు, సొమ్ము వచ్చేదాకా ధర తగ్గితే నష్టపోకుండా ఫ్యూచర్స్‌లో (ఇవాళే ధర ఖరారు చేసుకుని సరుకు తర్వాత ఇచ్చే ఒప్పందాల్లో) అంతే బరువు అమ్మిపెట్టుకుంటాడు. ఈ రెండు పనులూ సాఫీగా సాగినంతకాలం మీకు మంచి ధర ఇవ్వగలడు.

2020 మార్చి చివర్లో రెండూ ఒకేసారి చెడ్డాయి. స్విట్జర్లాండ్‌లోని టిచీనో ప్రాంతంలో మూడు పెద్ద శుద్ధి కర్మాగారాలున్నాయి: వాల్కాంబి, ప్యాంప్, ఆర్గోర్-హెరేయస్. కోవిడ్ ఆంక్షలతో మూడూ ఆగాయి. సాధారణంగా ప్రయాణికుల విమానాల్లో వెళ్లే బంగారం విమానాలు లేక నిలిచిపోయింది. లండన్‌లో నడిచేది 400 ఔన్సుల పెద్ద కడ్డీ, న్యూయార్క్ ఫ్యూచర్స్‌కు ఇవ్వాల్సింది 100 ఔన్సుల కడ్డీ లేదా కిలో కడ్డీలు. పెద్దవి కరిగించి చిన్నవి పోసేవాళ్లు లేరు. దాంతో లండన్ ధరకూ న్యూయార్క్ ఫ్యూచర్స్ ధరకూ ఔన్సుకు 70 డాలర్ల పైన తేడా వచ్చింది. మామూలుగా ఆ తేడా రెండు మూడు డాలర్లు దాటదు. అలాంటి రోజున డీలర్ రెండే పనులు చేయగలడు: కొనడం ఆపేయడం, లేదా తన భయానికి సరిపడా ధర తగ్గించి కొనడం. మోసం కాదది, అతని వైపు నష్టభయం మీ తూకంలోకి వచ్చింది, అంతే.

పాతనాణెం

దీనికి ఇంకో కోణం. అదే రోజుల్లో నాణేల ప్రీమియం (లోహం విలువ మీద అదనంగా పలికే ధర) పెరుగుతుంది. 2008 ఆగస్టులో గిరాకీ తట్టుకోలేక అమెరికా టంకశాల ఒక ఔన్సు గోల్డ్ ఈగిల్ నాణేల అమ్మకాలు కొన్నాళ్లు ఆపేసింది. మార్కెట్ తెర మీద ధర పడుతుంటే, చేతికి నాణెం దొరకని పరిస్థితి. కాబట్టి అప్పటికే నాణేలున్నవాడు స్పాట్ ధర పడిన దెబ్బలో కొంత ప్రీమియంతో పూడ్చుకోగలడు. కానీ అది ఎవరికి అమ్ముతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. చిల్లరగా అమ్మే నాణేల డీలర్ ప్రీమియంలో వాటా ఇస్తాడు. కరిగించేవాడు లోహం విలువే ఇస్తాడు, దాని మీద ఏ బొమ్మున్నా అతనికి ఒకటే.

అందుకే ఏ రూపంలో కొన్నారన్నది ముఖ్యం. నా దృష్టిలో వరస ఇది: అందరికీ తెలిసిన పెట్టుబడి నాణేలు ముందు (దక్షిణాఫ్రికా క్రుగర్‌రాండ్, కెనడా మేపుల్ లీఫ్, అమెరికా ఈగిల్, బ్రిటిష్ సావరిన్), తర్వాత పేరున్న కర్మాగారం 1 ఔన్సు, 100 గ్రాముల బిస్కెట్లు, ఆ తర్వాత కిలో కడ్డీ, అట్టడుగున నగలు. "అరుదైన నాణేలు" అని పురాతన విలువ కలిపి అంటగట్టేవాటి జోలికి పోకండి. సంక్షోభంలో సేకరణదారులు మాయమవుతారు, మిగిలేది లోహం విలువే.

కిలో కడ్డీకి కొనేటప్పుడు ప్రీమియం ఒక శాతం దరిదాపుల్లోనే, అది దాని ఆకర్షణ. కానీ నెల ఖర్చుకు కొంత కావాలంటే కిలో మొత్తం అమ్మాలి. కోస్తే ముద్ర, నంబరు పోయి అది పాత బంగారం ముక్క అవుతుంది, ప్రతి ముక్కకూ పరీక్ష. విరుచుకునేలా గాట్లు పెట్టిన 50 గ్రాముల పలకలు (50 ముక్కలు, ఒక్కోటి 1 గ్రాము) ఉన్నాయి గానీ వాటి ప్రీమియం విడి ఔన్సు బిస్కెట్ కంటే ఎక్కువ.

పొదుపరి

@పాతనాణెం గారూ, నగలు అట్టడుగున అన్నారు. 22 క్యారెట్లే కదా, సావరిన్ కూడా 22 క్యారెట్లే. తేడా ఎక్కడొస్తోంది?

కరుగుపాత్ర

తేడా నమ్మకంలోనూ, మజూరీలోనూ. సావరిన్ 7.988 గ్రాములు, అందులో మేలిమి 7.32 గ్రాములు. ప్రపంచమంతా ఆ లెక్క ఒక్కటే. నగకు అలాంటి లెక్క లేదు.

50 గ్రాముల 22 క్యారెట్ల హారం తీసుకోండి. రాళ్లు, లక్క, స్క్రూలు కలిపి 2 గ్రాములు తీసేస్తే 48. కాగితం మీద 916 (వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి) కాబట్టి 43.97 గ్రాముల మేలిమి. కానీ అతుకుల దగ్గర వేసిన టంకం తక్కువ మేలిమిది. గొలుసుల్లో అతుకులెక్కువ, అందుకే కరిగించి చూస్తే 916 బదులు 900 కూడా రావచ్చు. అప్పుడు 43.2. కరిగించేటప్పుడు పోయేది, కర్మాగారం ఖర్చు, డీలర్ లాభం కలిపి మరో 3 శాతం తీస్తే 41.9. కొన్నప్పుడు 50 గ్రాములకు లెక్కగట్టి, పైన మజూరీ, పన్ను కట్టారు. అవి ఎప్పటికీ తిరిగి రావు.

కరిగించాకే ధర చెప్తామంటే ఒప్పుకోవచ్చు, కానీ మీ ఎదుటే జరగాలి. ముందు తూకం, రాళ్లు తీశాక తూకం, కరిగించాక ముద్ద తూకం, ముద్ద మేలిమి: ఈ నాలుగు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. ముద్ద రెండు వైపులా పరీక్షించమనండి, సరిగా కలవని ముద్దలో పైన ఒక అంకె, కింద ఒక అంకె వస్తాయి. ఒక్కసారి కరిగాక బేరం కుదరకపోతే మీ చేతికొచ్చేది ముద్దే, నగ కాదు. అది గుర్తుంచుకుని తలూపండి.

గీటురాయి

నకిలీల సంగతి ఎవరూ ఎత్తలేదు. సంక్షోభంలో ఇది రెండు వైపులా కొడుతుంది: హడావుడిలో కొన్నవాడు మోసపోతాడు, నిజమైనది పట్టుకెళ్లినవాణ్ని కూడా కొనేవాడు నమ్మడు.

అన్నిటికంటే చవకబారు మోసం ఔన్సుది. బంగారానికి వాడేది ట్రాయ్ ఔన్సు, 31.1035 గ్రాములు. వంటింటి త్రాసులో ఔన్సు అంటే 28.35 గ్రాములు. ఆ త్రాసు మీద సరిగ్గా "1.00 ఔన్సు" చూపించిన ముక్క దాదాపు 9 శాతం తక్కువ. ఎప్పుడూ గ్రాముల్లోనే తూచండి. 0.01 గ్రాము చూపే త్రాసు, దాన్ని సరిచూసుకోవడానికి 100 గ్రాముల తూకపురాయి ఉండాలి.

తర్వాతది నీళ్ల పరీక్ష. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి నైలాన్ దారానికి కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ అంచుకూ తగలకుండా వేలాడదీయండి. త్రాసు ఎంత చూపితే అన్ని ఘన సెంటీమీటర్ల పరిమాణం. గాలిలో బరువును దానితో భాగిస్తే సాంద్రత. మేలిమికి 19.32 రావాలి, అంటే 31.10 గ్రాముల బిస్కెట్‌కు త్రాసు 1.61 చూపాలి. సీసానికి బంగారు పూత వేస్తే 2.74 చూపుతుంది, వెంటనే దొరికిపోతుంది. 22 క్యారెట్ల క్రుగర్‌రాండ్ బరువు 33.93 గ్రాములు, దానికి 1.93 నుంచి 1.94 వస్తుంది. బుడగలు అంటుకుంటే అంకె పెరిగి సాంద్రత తక్కువ వస్తుంది. ఒక చుక్క సబ్బునీళ్లు కలిపితే బుడగలు పోతాయి.

ఈ పరీక్ష చేతులెత్తేసేది టంగ్‌స్టన్ అనే లోహం దగ్గర. దాని సాంద్రత 19.25. అదే 31.10 గ్రాముల టంగ్‌స్టన్ ముక్క 1.616 చూపాలి, మేలిమి 1.610. తేడా 0.006, మీ త్రాసు పట్టుకునేది 0.01. కనబడదు. పైన బంగారు పూత, లోపల టంగ్‌స్టన్ ఉన్న బిస్కెట్ నీళ్ల పరీక్షలో సునాయాసంగా నెగ్గుతుంది.

గీటురాయి కూడా పైపొరే చెప్తుంది. దుకాణాల్లో ఉండే, ఎక్స్ కిరణాలతో పరీక్షించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం చూసి చాలామంది ధైర్యపడతారు. బంగారంలో ఆ కిరణాలు చూడగలిగేది మైక్రాన్లలోనే. పూత మందంగా ఉంటే దానికీ లోపలిది తెలియదు. లోపలిది చెప్పేవి రెండు: విద్యుత్ వాహకత కొలిచే పరికరం (బంగారం వాహకత టంగ్‌స్టన్‌కు రెండింతల పైన), అల్ట్రాసౌండ్. శబ్దం బంగారంలో సెకనుకు 3,240 మీటర్లు, టంగ్‌స్టన్‌లో 5,200 దరిదాపుల్లో పోతుంది. మందం కొలిచే పరికరాన్ని 3,240కి అమర్చి పెడితే, 5 మిల్లీమీటర్ల నిజమైన కడ్డీకి 5 అనే చూపుతుంది, టంగ్‌స్టన్ నిండినదానికి 3.1 చూపుతుంది. వెర్నియర్ కొలబద్దతో కొలిచినదానికీ దీనికీ పొంతన లేకపోతే ఇక మాటల్లేవు. కడ్డీ పొడవునా నాలుగైదు చోట్ల పెట్టి చూడండి, మధ్యలో రంధ్రం చేసి టంగ్‌స్టన్ ఊచ దూర్చిన రకాలుంటాయి. సన్నటి నాణేల మీద చవక పరికరాలు సరిగా పనిచేయవు, వాటికి వ్యాసం, మందం, బరువు మూడూ కలిపి చూడటమే మేలు. నిర్ణీత వ్యాసం, మందంలో ఒదిగి, బరువూ సరిపోవాలంటే అంత సాంద్రత ఉన్న లోహమే కావాలి.

అగ్గిబరాటా

సీలు వేసిన ప్యాకెట్లో నంబరుతో ఉన్నదాన్ని కొంటే ఈ బాధలన్నీ ఎందుకు?

గీటురాయి

ప్యాకెట్‌ను నకలు చేయడం లోహాన్ని నకలు చేయడం కంటే తేలిక. ఒకే నంబరు పది ప్యాకెట్ల మీద అచ్చేస్తారు. 2019లో బయటపడ్డ వ్యవహారం ఇంకా విచిత్రం: పేరున్న స్విస్ కర్మాగారాల దొంగ ముద్రలతో కిలో కడ్డీలు పెద్ద బ్యాంకు ఖజానాలోనే దొరికాయి. లోపల బంగారం నిజమైనదే, మేలిమీ సరిపోయింది. ముద్ర మాత్రం దొంగది. అది తెలిశాక ఆ కడ్డీ చలామణీలోంచి తప్పుకుంటుంది, మళ్లీ కరిగించి పోయాల్సిందే. అంటే లోహం నిజమైనదైనా కాగితం, ముద్ర చెడితే మీకొచ్చేది పాత బంగారం ధరే.

అలాగని సీలు విప్పకండి. విప్పిన ప్యాకెట్‌కు ధర తగ్గుతుంది. వాహకత పరికరాల్లో కొన్ని ప్లాస్టిక్ పైనుంచే చూడగలవు, అలాంటిది ఉన్నచోట అమ్మండి.

చట్టం_చుట్టం

ఇప్పుడు ప్రభుత్వం సంగతి. ఇందులో కట్టుకథలు ఎక్కువ కాబట్టి జాగ్రత్తగా చెప్తాను.

1933 ఏప్రిల్ 5న అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ 6102 నంబరు ఉత్తర్వు ఇచ్చాడు. మే 1 లోగా బంగారు నాణేలు, కడ్డీలు, బంగారు పత్రాలు అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌కు అప్పగించాలి. మనిషికి 100 డాలర్ల నాణేలు, అరుదైన సేకరణ నాణేలు, వృత్తికి అవసరమైన బంగారం మినహాయింపు. ఉల్లంఘిస్తే 10,000 డాలర్ల జరిమానా లేదా పదేళ్ల జైలు, లేదా రెండూ. ఔన్సుకు 20.67 డాలర్లు చెల్లించారు. 1934 జనవరిలో అధికారిక ధర 35 డాలర్లు చేశారు. అంటే చట్టాన్ని పాటించినవాడికి తర్వాతి 69 శాతం పెరుగుదల దక్కలేదు. ఇంటింటికీ వెళ్లి లాకర్లు పగలగొట్టారన్నది మాత్రం నిజం కాదు. చాలామంది అప్పగించలేదు కూడా. కానీ అప్పగించనివాడు దాన్ని అక్కడ బాహాటంగా అమ్ముకోలేకపోయాడు. అమెరికా పౌరులు మళ్లీ స్వేచ్ఛగా బంగారం ఉంచుకోగలిగింది 1974 డిసెంబరు 31 నుంచి.

ఇది అమెరికాకే పరిమితం కాదు. భారతదేశంలో 1963లో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి, 14 క్యారెట్లు మించిన కొత్త నగల తయారీని నిషేధించారు. 1968 బంగారం నియంత్రణ చట్టంతో మామూలు పౌరులు కడ్డీలు ఉంచుకోకూడదన్నారు, 1990లో రద్దయింది. బ్రిటన్‌లో 1966 నుంచి కొన్నేళ్లు 1837 తర్వాతి బంగారు నాణేలు నాలుగుకు మించి ఉంచుకోవాలంటే అనుమతి కావాల్సి వచ్చింది. చెప్పొచ్చేదేమిటంటే, విదేశీ మారకం కరువైనప్పుడు ప్రభుత్వాల కన్ను పడేది ముందు కడ్డీల మీద, నాణేల మీద. నగల జోలికి ఆలస్యంగా వస్తాయి. పైన @పాతనాణెం అట్టడుగున పెట్టిన నగకు ఉన్న ఒకే ఒక్క మేలు ఇదేనేమో.

సరిహద్దు దాటించడం గురించి ఒక్క మాట. "నాణేలు జేబులో వేసుకుని వెళ్లిపోవచ్చు" అనేవాళ్లు యూరోపియన్ యూనియన్ నిబంధన చూడాలి. 2021 జూన్ 3 నుంచి కనీసం 90 శాతం బంగారమున్న నాణేలు, కనీసం 99.5 శాతం ఉన్న కడ్డీలు నగదు కిందే లెక్క. 10,000 యూరోలు, అంతకు మించితే యూనియన్‌లోకి వచ్చేటప్పుడూ, బయటికెళ్లేటప్పుడూ ప్రకటించాలి. 22 క్యారెట్ల నాణెం 91.67 శాతం కాబట్టి అదీ వస్తుంది. ప్రకటించకపోతే ఆపి స్వాధీనం చేసుకోవచ్చు. కొన్న బిల్లు, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాగితం లేకపోతే తిరిగి తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి.

తాళంచెవి

దాచే చోటు గురించి. బ్యాంకు లాకరు, ఇల్లు, ప్రైవేటు ఖజానా: మూడింటికీ మూడు బలహీనతలు.

బ్యాంకు లాకరు బ్యాంకు గోడల మధ్యే ఉంటుంది. 2013 మార్చిలో సైప్రస్‌లో బ్యాంకులు దాదాపు రెండు వారాలు మూతపడ్డాయి. 2015లో గ్రీస్‌లో జూన్ 29 నుంచి జూలై 20 దాకా, మూడు వారాలు. తలుపు తెరవనప్పుడు మీ లాకరు తాళంచెవి మీ దగ్గరుండి ఉపయోగం లేదు. గ్రీస్‌లో ఆంక్షలు ఉన్నంతకాలం లాకర్లలోని నగదు బయటికి తీయడం కుదరదని మంత్రే చెప్పారు. డిపాజిట్ బీమా లాకరులోని వస్తువులకు వర్తించదు, ఇది చాలామందికి తెలియదు.

ఇంట్లో అయితే బీరువా మీద రాసినదాన్ని చదవండి. అగ్ని నిరోధక బీరువా, దొంగల నిరోధక బీరువా ఒకటి కాదు. "గంట, 350 డిగ్రీల ఫారెన్‌హీట్" అన్న గుర్తు కాగితాలు కాలకుండా కాపాడటానికి ఇచ్చేది. పలుచటి రేకుల మధ్య తేమ పట్టిన పూత నింపుతారు, గునపంతో చీలిపోతుంది. మేలిమి కరిగేది 1,064 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కాబట్టి నిప్పుకు మీ బంగారం కంటే మీ బిల్లులు, సీలు ప్యాకెట్లే ముందు పోతాయి. దొంగలకు చూడాల్సింది టీఎల్-15, టీఎల్-30 లాంటి గుర్తులు: పనిముట్లతో దాడి చేసినా తలుపు అన్ని నిమిషాలు ఆగిందని అర్థం. యూరప్‌లో ఈఎన్ 1143-1 గ్రేడ్లు. 100 కిలోల బీరువాను కూడా ఇద్దరు చక్రాల బండి మీద తీసుకెళ్లిపోతారు, కాంక్రీటు నేలలోకి బోల్టులతో బిగించకపోతే ఆ బీరువా దొంగకు సంచీ కిందే లెక్క.

బీమా పత్రం చిన్నక్షరాలు చదవండి. అమెరికాలో ప్రామాణిక గృహ బీమాలో నగదు, కడ్డీలు, నాణేలు అన్నిటికీ కలిపి చోరీ పరిహారం చాలా పాలసీల్లో 200 డాలర్లకే పరిమితం. పెంచుకోవాలంటే విడిగా రాయించాలి, అలా రాయిస్తే మీ దగ్గరెంత ఉందో ఇంకో చోట నమోదైనట్టు. రెండూ కావాలంటే కుదరదు.

ప్రైవేటు ఖజానాలో పేరు చెప్పనక్కర్లేదు అన్నది ఆకర్షణ. 2021 మార్చిలో అమెరికాలోని బెవర్లీ హిల్స్‌లో యూఎస్ ప్రైవేట్ వాల్ట్స్ అనే సంస్థ మీద ఎఫ్‌బీఐ దాడి చేసి, సంస్థ మీద కేసు పేరుతో ఖాతాదారుల పెట్టెలన్నీ తెరిచింది. అది రాజ్యాంగ విరుద్ధమని అప్పీళ్ల కోర్టు 2024 జనవరిలో తేల్చింది. మధ్యలో గడిచింది దాదాపు మూడేళ్లు.

పాతనాణెం

@తాళంచెవి చెప్పినదానికి చేర్పు: ఖజానాలో పెట్టినప్పుడు మీ పేరు మీద నంబర్లతో సహా కేటాయించారా, లేక ఉమ్మడి కుప్పలో మీకింత వాటా అన్నారా చూడాలి. ఉమ్మడి కుప్ప అయితే సంస్థ దివాలా తీసిన రోజు మీరు యజమాని కాదు, అప్పులవాళ్ల వరసలో ఒకరు. కడ్డీ నంబరు, బరువు, మేలిమి ఉన్న పట్టిక ఏడాదికోసారైనా తెప్పించుకోవాలి.

లెక్కల_మాస్టారు

గ్రీస్ పేరెత్తారు కాబట్టి అసలు చిక్కుకు వద్దాం. బంగారం అమ్మితే మీకు వచ్చేదేమిటి? పెద్ద మొత్తమైతే చాలాచోట్ల నగదు ఇవ్వరు, బ్యాంకు ఖాతాలో జమ చేస్తారు. గ్రీస్‌లో 2015లో మనిషికి రోజుకు 60 యూరోలే తీయనిచ్చారు. అర్జెంటీనాలో 2001 డిసెంబరులో వారానికి 250 పెసోలు. అంటే బ్యాంకును తప్పించుకోవడానికి ఏళ్ల తరబడి దాచిన బంగారాన్ని అమ్మిన మరుక్షణం దాని విలువ అదే బ్యాంకులో ఇరుక్కుంటుంది. అర్జెంటీనాలో ఇంకో మెట్టు కూడా ఉంది: 2002లో డాలరు ఖాతాలను ప్రభుత్వం నిర్ణయించిన రేటుకు పెసోల్లోకి మార్చేసింది. కాబట్టి "బంగారం ఉంటే నగదు అక్కర్లేదు" అన్నది తలకిందుల లెక్క. మూడు నుంచి ఆరు నెలల ఖర్చుకు నగదు ముందు, దానికి పైన మిగిలినదే బంగారంలోకి. నగదు ఉన్నవాడు ఆ మూడు వారాల్లో బంగారం అమ్మక్కర్లేదు.

అగ్గిబరాటా

సరే, ఒప్పుకున్నా. కానీ అందరూ ఒకేసారి అమ్మే పరిస్థితి వస్తుందా? బంగారం దాచుకునేవాళ్లు మొండివాళ్లు.

కరుగుపాత్ర

దక్షిణ కొరియా 1998. అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) అప్పు తీర్చడానికి దేశమంతా బంగారం సేకరించారు. దాదాపు 35 లక్షల మంది ఇచ్చారు, 227 టన్నులు పోగైంది. ఉంగరాలు, పతకాలు అన్నీ కరిగించి కడ్డీలు పోసి ఎగుమతి చేశారు. అప్పుడు ప్రపంచ ధర ఔన్సు 300 డాలర్ల లోపు, ఏళ్ల తరబడి చూడని కనిష్ఠం. ఇచ్చినవాళ్లకు అప్పటికే విలువ పడిపోయిన కొరియా కరెన్సీ వన్‌లలో లెక్క తేల్చారు. డాలరు లెక్కలో దాదాపు అడుగున అమ్మినట్టయింది. అది స్వచ్ఛందం. అప్పులకోసం అమ్మేచోట మొండితనం పనికిరాదు.

పొదుపరి

అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. తప్పనిసరిగా అమ్మాల్సివస్తే, నాణేలూ బిస్కెట్లూ రెండూ ఉన్నవాడు ఏది ముందు తీయాలి? బేరం ఏ క్రమంలో చేయాలి?

పాతనాణెం

ఆ వారం నాణేల ప్రీమియం ఎంతుందో చూడండి. డీలర్లు కొనే ధరను స్పాట్ మీద "ఇంత ఎక్కువ" అని చెప్తుంటే నాణేలు తీయండి. స్పాట్ కంటే తక్కువ చెప్తుంటే గ్రాముకు ఎక్కువ ఇచ్చేదేదో అదే తీయండి, ఎక్కువసార్లు అది ఔన్సు బిస్కెట్ అవుతుంది.

ముగ్గురిని ఒకే గంటలో అడగండి. ఉదయం ఒకరిని, సాయంత్రం ఒకరిని అడిగితే ధర కదలిక తప్ప ఏమీ తెలియదు. "ధర" అడగకుండా "స్పాట్‌లో ఎంత శాతం ఇస్తారు, ఏ తెర చూస్తున్నారు" అని అడగండి. ధర ఏ క్షణంలో ఖరారవుతుందో ముందే తేల్చుకోండి: ఫోన్లో ఒప్పుకున్నప్పుడా, పరీక్ష అయ్యాకా, డబ్బు పంపేటప్పుడా. సంక్షోభంలో ఒక్కరోజులో 3 శాతం కదలడం మామూలే, ఖరారు ఎప్పుడన్నది తేలకపోతే పడినప్పుడల్లా నష్టం మీదే, పెరిగినప్పుడల్లా లాభం అతనిదే. మొత్తం ఒకేచోట బల్ల మీద పెట్టకండి, మొదట ఒకటో రెండో అమ్మి డబ్బు ఖాతాలో పడ్డాకే మిగతావి.

చట్టం_చుట్టం

కొన్న బిల్లు అసలు ఇవ్వకండి, నకలు ఇవ్వండి. పన్ను లెక్కకు అసలు మీ దగ్గరే ఉండాలి. అమ్మిన రసీదులో బరువు, మేలిమి, నంబరు, తేదీ నాలుగూ ఉన్నాయా చూసుకోండి. వారసత్వంగా వచ్చినదైతే ఏ తేదీ విలువను కొన్న ధరగా తీసుకోవాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది, అది అమ్మకముందే పన్ను నిపుణుణ్ని అడిగి తెలుసుకోండి.

తాళంచెవి

ఇంకొకటి. ఇంట్లో ఎక్కడుందో మీకొక్కరికే తెలిస్తే, మీకేదైనా అయితే అది ఎవరికీ దొరకదు. ఎంత ఉందన్నది ఒకరికి, ఎక్కడుందన్నది ఇంకొకరికి చెప్పి, రెండూ ఉన్న కాగితం సీలు వేసి వీలునామాతో పాటు లాయరు దగ్గర ఉంచండి. నాణేల ఫొటోలు ఫోన్లో దాచకండి. ఫోన్ పోతే ఫొటోతో పాటు అది తీసిన చోటు కూడా వెళ్లిపోతుంది.